గుడారాలు డిజైన్ చేస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు మా వీధి మునిగింది. అప్పటి నుంచి మా అమ్మాయి, విపత్తుల్లో ఇల్లు పోయినవాళ్లకు తక్కువ ఖర్చులో, మోసుకెళ్లగలిగే గుడారాలు, సామాను కిట్లు తయారు చేస్తానంటోంది. ఇప్పుడు ప్లస్ టూ, మ్యాథ్స్ గ్రూప్. దీనికంటూ చదువుందా? కంప్యూటర్స్‌లో చేర్పించేస్తే టెన్షన్ ఉండదు కదా?

జవాబు: ఉందండి, కాకపోతే ఈ పేరుతో డిగ్రీ వెతక్కండి. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాసి ఐదేళ్ల బీఆర్క్ (భవనాల డిజైన్ డిగ్రీ) చేయొచ్చు, అన్నా యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ స్కూల్ మీ ఊళ్లోనే ఉంది. లేదా డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాసి నాలుగేళ్ల బీడెస్ (వస్తువుల రూపకల్పన నేర్పే డిజైన్ డిగ్రీ). ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఎండెస్ (డిజైన్‌లో పీజీ) కూడా ఉంది. గుడారం, నీళ్ల క్యాన్, కిట్ అన్నీ వస్తువులే కాబట్టి నా ఓటు బీడెస్‌కే.

ఈ పనిలో కష్టమంతా చిన్న విషయాల్లోనే ఉంటుంది. సహాయ శిబిరాలకు పంపే మంచి టార్పాలిన్‌లో మధ్య పొర నల్లగా ఉంటుంది. రాత్రి లోపల దీపం వెలిగిస్తే బట్టలు మార్చుకునే ఆడవాళ్ల నీడ బయటికి కనపడకూడదని! మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్లు ఉండాలని, విపత్తుల్లో సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. నలుగురున్న ఇంటికి రోజూ 60 కిలోల నీళ్లు మోసేదెవరు? క్యాన్ పిడి ఎలా ఉండాలో అక్కడ తేలుతుంది.

జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ 1995లో కోబె భూకంప బాధితులకు అట్ట గొట్టాలతో ఇళ్లు కట్టారు. పునాదికి ఇసుక నింపిన బీరు క్రేట్లు వాడారు. 2001లో భుజ్‌కు వచ్చినప్పుడు అలాంటి క్రేట్లు దొరక్కపోతే, కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదిగా వేసి, పైన మట్టి నేల పరిచారు. దొరికినదాంతో కట్టడమే మీ అమ్మాయి నేర్చుకోవాల్సిన విద్య.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత రాకపోవచ్చు, ఆ లెక్క ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. అంతేగానీ ముందు కంప్యూటర్స్, తర్వాత చూద్దాం అనకండి, నాలుగేళ్లు పోతాయి.

ఎండాకాలంలో మేడ మీద టార్పాలిన్ కట్టి, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ దాని కింద కూర్చోండి. లోపల, బయట వేడి ఎంతో అమ్మాయిని రాయమనండి. పైన రెండో పొర జానెడు ఎడంతో కట్టి మళ్లీ కొలవమనండి. యూసీడ్‌లో బొమ్మలు గీసే భాగం ఉంటుంది, రోజూ చేత్తో గీయించండి. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి.