'భయం' అన్న మాట కొట్టేయి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కథ చదివాను. వాన, పాత ఇల్లు, అర్ధరాత్రి తలుపు చప్పుడు, సరంజామా అంతా ఉంది. భయం మాత్రం లేదు. మొదటి పేజీలోనే 'భయంకరమైన', 'ఒళ్లు గగుర్పొడిచే', 'హఠాత్తుగా' అన్నీ వాడేశావు. పాఠకుడు పడాల్సిన భయం నువ్వే పడిపోతే ఇక అతనికి పనేముంది? 'హఠాత్తుగా' అనగానే మనిషి సర్దుకుని కూర్చుంటాడు. ముందు ఆ మాటలన్నీ కొట్టేయి.

"స్విచ్ మీద ఇంకో చెయ్యి ఉందని ఆమెకు తెలిసింది, గదిలోకి వెళ్లి లైటు వేయబోయినప్పుడు" అని రాశావు. గుట్టు ముందే విప్పేసి, ఆ తర్వాత గదిలోకి నడిపించావు. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది, దాని ముందు ఎన్ని పనులైనా గుచ్చుకుంటూ పోవచ్చు. ఆ సదుపాయం వాడుకో. "గొళ్లెం తీసి, తలుపు తోసి, తడిసిన గడప దాటి, గోడ తడుముకుంటూ స్విచ్ దాకా వెళ్లింది. అక్కడ ఇంకో చెయ్యి ఉంది." పొడుగు వాక్యం ఊపిరి బిగబట్టిస్తుంది, పొట్టిది దెబ్బ కొడుతుంది. అన్నీ పొట్టివే రాస్తే ఏదీ తగలదు.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. 'వచ్చింది' అంటే ఆడమనిషి కావచ్చు, పిల్లి కావచ్చు, గాలికి కొట్టుకొచ్చిన గుడ్డపేలిక కావచ్చు. "మెట్ల దాకా వచ్చింది. ఆగింది. మళ్లీ కదిలింది." ఇంతే రాసి వదిలేయి. 'వచ్చాడు' అన్నావా, సగం గుట్టు పోయినట్టే. 'ఎవరో వచ్చారు' అంటే ఆడో మగో, ఒకరో నలుగురో తెలియదు. అయితే చూస్తున్న పాత్రకు కూడా తెలియనప్పుడే దాచు. ఆమె కంటికి కనబడుతున్నదాన్ని నువ్వు దాస్తే అది ఉత్కంఠ కాదు, మోసం. పాఠకులు క్షమించరు, నేనూ క్షమించను.

1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' మరోసారి తీసి చూడు. "తలుపు! తలుపు!" అన్న పిలుపుతో మొదలవుతుంది. పిలిచేదెవరో చెప్పకముందే తలుపు తెరుచుకోలేదని తెలుస్తుంది. ఇల్లాలు ఏమైందో కథ చివరిదాకా దాచాడు. నువ్వు మంచం కింద శవం పెట్టావు, ఆయన నవ్వు పెట్టాడు. దాచే పద్ధతి ఒకటే, మాటల ఎంపిక వేరు. కథకు స్వరం అక్కడే పుడుతుంది.

నీ మాటల సంగతే తీసుకో. 'నిశీథిలో నీరవ నిశ్శబ్దం' అంటే పురాణ కాలక్షేపంలా ఉంది. పైగా నీరవమూ నిశ్శబ్దమూ ఒకటే కదా! "ఇంట్లో అలికిడి లేదు. అటక మీద ఏదో దొర్లింది" అను. రోజూ వాడే గొళ్లెం, అటక, గడప లాంటి మాటల్లోకి చొరబడ్డ భయమే రాత్రి నిద్రపోనివ్వదు.

ఆరో పేజీలో ఇంటి చరిత్ర బాగుంది, కానీ తలుపు తట్టాక రెండు పేజీలు ఎవరు ఆగుతారు? ఒక్క పేరా అక్కడ ఉంచి, మిగిలింది వాన మొదలవకముందే చెప్పేయి.

దిద్దిన ప్రతి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు.

నీ పెదనాన్న