ముందు ఈగను కళ్లారా చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

జన్యువులను మార్చి చిన్న జీవుల ప్రవర్తనను పరిశోధించాలని ఉందన్న నీ ఉత్తరం అందింది. నువ్వు నా శిష్యురాలి శిష్యురాలివి, వరసకు మనవరాలివే అవుతావు. ఆ చనువుతో కాస్త కటువుగా రాస్తే నొచ్చుకోకు. ఉత్తరంలో పనిముట్ల పేర్లు లెక్కపెట్టాను, పద్నాలుగు తేలాయి. గాల్4, జన్యువులను కత్తిరించే క్రిస్పర్, నాడీకణం చురుకును వెలుగుగా చూపే జీక్యాంప్, వెలుగుతో నాడులను మీటే ప్రోటీన్లు, ఇంకా ఏవేవో. నువ్వు చూడబోయే జీవి చేసే పనుల్లో ఏది నీకు నిద్ర పట్టనివ్వడం లేదో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

అందుకని మొదటి నెల ఏ జన్యువునూ ముట్టుకోకు. మామూలు పండు ఈగలను సీసాలో వేసుకుని చూడు. ఉదయం చూడు, దీపం ఆర్పే ముందు చూడు. ఆకలేసినప్పుడు ఎంత వేగంగా నడుస్తాయో, మగ ఈగ ఆడ ఈగ వెంట పడుతూ ఏ రెక్కను చాచి పాడుతుందో, పోట్లాటలో ముందు ఏ కాలు లేస్తుందో కాగితం మీద రాసుకో. ఇది ముసలివాళ్ల చాదస్తం కాదు. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ దినచర్య లయ తప్పిన మూడు రకాల ఈగలను బయటపెట్టారు. ఒక రకానికి రోజంటే దాదాపు 19 గంటలు, ఇంకొక రకానికి 28, మూడో దానికి లయే లేదు. మూడు మార్పులూ ఒకే జన్యువులో ఉన్నాయి. నువ్వు రాసిన పద్నాలుగు పనిముట్లలో ఒక్కటీ అప్పటికి పుట్టలేదు. రసాయనంతో మ్యుటేషన్లు తెప్పించి, ఈగలు ప్యూపా నుంచి ఏ వేళకు బయటికొస్తున్నాయో ఓపికగా లెక్కపెట్టారు. ఆ జన్యువును విడదీయడం 1984లో గానీ కుదరలేదు. ఆ పని చేసిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. అప్పటికి బెంజర్, కొనోప్కా ఇద్దరూ లేరు.

ఏ జీవిని పట్టుకోవాలని అడిగావు. ఈగా, నులిపురుగా అని తేల్చుకోలేకపోతున్నావు. నులిపురుగు, అంటే సీ. ఎలిగాన్స్, ఒక మిల్లీమీటరు పొడవుండే పారదర్శక జీవి. ద్విలింగి పురుగులో నాడీకణాలు సరిగ్గా 302. వాటి మధ్య కలయికలన్నిటినీ గీసిన పటం 1986లోనే వచ్చింది. దాన్ని గడ్డకట్టించి దాచవచ్చు, ఏళ్ల తర్వాత కరిగిస్తే మళ్లీ పాకుతుంది. ఈగలకు ఆ సౌకర్యం అంత సులువుగా లేదు. స్టాకులను, అంటే పెంచుకునే ఈగ రకాలన్నిటినీ, ఎప్పటికప్పుడు కొత్త సీసాల్లోకి మార్చుకుంటూ బతికించుకోవాలి, పండగ రోజైనా సరే. అయితే నేర్చుకోవడం, నిద్ర, ప్రణయం, పోట్లాట లాంటి వాటి మీద మనసుంటే ఈగ దగ్గరికే రా. ఒక్కొక్క నాడీకణాన్ని పేరు పెట్టి పిలవాలని ఉంటే పురుగు దగ్గరికి వెళ్లు. ఒక్క హెచ్చరిక: పురుగులో ఆర్‌ఎన్‌ఏఐ పద్ధతితో జన్యువుల నోరు మూయించడం చాలా సులువని చదివి ఉంటావు. మిగతా కణజాలంలో సులువే. నాడీకణాలు మాత్రం దానికి అంతగా లొంగవు. అందుకోసమే తయారుచేసిన ప్రత్యేక రకం పురుగులు తెప్పించుకోకుండా మొదలుపెడితే, జన్యువుకు పని లేదనే తప్పుడు తీర్మానానికి వస్తావు.

ఇక గాల్4 సంగతి. ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమాన్ 1993లో ఈ పద్ధతిని ఈగల వాళ్ల చేతికిచ్చారు. ఈస్ట్‌లోని ఒక ప్రోటీన్‌ను ఈగలోకి తెచ్చారు. ఇది పెళ్లి లాంటిది. ఒక పక్షం చోటు తెస్తుంది, రెండో పక్షం సామాను తెస్తుంది. గాల్4 ఉన్న ఈగ, ఏ కణాల్లో పని జరగాలో నిర్ణయిస్తుంది. యుఎఎస్ అంటే గాల్4 వచ్చి అంటుకునే డీఎన్‌ఏ ముక్క; అది ఉన్న ఈగ, అక్కడ ఏం తయారు కావాలో మోసుకొస్తుంది. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ కావచ్చు, నాడి నోరు కట్టేసే విషం కావచ్చు. విడివిడిగా ఇద్దరూ నిరపాయం, బిడ్డలోనే రెండూ కలుస్తాయి. వేల రకాల గాల్4 ఈగలు స్టాకు కేంద్రాల్లో దొరకడం వల్ల ఇంత వైభవం.

నా పరువు పోయిన కథ ఒకటి చెబుతాను. ఒక గాల్4 రకంతో కొన్ని మెదడు కణాల నోరు మూయించాను. ఆ ఈగలు చక్కెర వైపు వెళ్లడం మానేశాయి. తీపి మీద కోరికను నడిపే కణాలు దొరికాయని పొంగిపోయాను. మెదడు చిత్రాలు ముచ్చటగా ఉన్నాయి. గుప్పెడు కణాలు, రెండు వైపులా ఒకేలా. ఏడాదిన్నర ఆ పని మీదే కూర్చున్నాను. ఒక సభలో వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "వక్షంలోని నాడీదండం చూశారా?" అని అడిగింది. చూడలేదు. తల మాత్రమే కోసి, రంగు వేసి, ఫొటో తీశాను. తిరిగొచ్చి చూస్తే ఆ దండమంతా వెలుగుతోంది, కాళ్లను నడిపే కణాలతో సహా. నా ఈగలకు తీపి మీద కోరిక చావలేదు, పాపం, కాళ్లు సరిగ్గా ఆడలేదు. పళ్లెం దగ్గరికి నడిచే ఓపిక లేని వాడిని చూసి, వాడికి తిండి సహించదని నేను ప్రపంచానికి చెప్పబోయాను.

అందుకే ఏ రకం తెచ్చుకున్నా, ఎవరు ఎంత మంచి చిత్రం అచ్చువేసి ఉన్నా, నువ్వు స్వయంగా మెదడునూ నాడీదండాన్నీ రెండిటినీ చూడాలి. నువ్వు ప్రయోగం చేసే వయసు ఈగలోనే చూడాలి. లార్వాలో ఒకలా వెలిగిన జన్యువు పెద్ద ఈగలో ఇంకోలా వెలుగుతుంది. చోటు ఇంకా ఇరుకుగా కావాలంటే స్ప్లిట్ గాల్4 వాడు. గాల్4ను రెండు ముక్కలు చేసి, రెండూ ఒకే కణంలో కలిసినప్పుడే పని జరిగేలా చేసిన ఏర్పాటు అది. క్రాసులు, అంటే ఒక రకాన్ని ఇంకో రకంతో జతకట్టించడాలు, ఎక్కువ పడతాయి, విసుగు కూడా ఎక్కువే. అయినా ఒక మనిషి పని గురించి ఊరంతటినీ అడగడం కంటే మేలు.

పోలిక కోసం పెట్టుకునే కంట్రోల్ ఈగల విషయంలో నేను మొండిదాన్ని. గాల్4 మాత్రమే ఉన్నవి, యుఎఎస్ మాత్రమే ఉన్నవి, రెండూ ఉన్నవి, మూడూ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే వయసులో పరీక్షించు. ఇక్కడ ఒక మోసం దాగి ఉంటుంది, అది కంటి రంగు. తెల్లకళ్ల ఈగల్లో కొత్త జన్యువును చొప్పించినప్పుడు, అది చేరిందని తెలియడానికి ఎర్ర రంగు తెచ్చే జన్యువును గుర్తుగా జతచేస్తారు. తెల్లకళ్ల ఈగకు వెలుతురును అడ్డుకునే రంగు లేదు కాబట్టి చూపు మందం. అంటే కంట్రోల్ ఈగకు తెల్లకళ్లు, ప్రయోగపు ఈగకు నారింజ కళ్లు ఉంటే నువ్వు కొలిచేది చూపును, జ్ఞాపకాన్ని కాదు. అందుకే కనీసం ఐదారు తరాలు ఒకే మూల జాతితో కలిపి, అన్నిటి నేపథ్యాన్నీ సమం చేసుకో. నీ గైడు తొందరపెడితే ఈ ఉత్తరం చూపించు. ఆమెకు ఈ మాట నేర్పిందీ నేనే.

వర్జిన్ ఈగల గురించి, అంటే ఇంకా మగ ఈగతో కలవని ఆడ ఈగల గురించి, ఎంత చెప్పినా తక్కువే. 25 డిగ్రీల దగ్గర పుట్టిన ఆడ ఈగను ఎనిమిది గంటల లోపు వేరు చేయాలి. లేత రంగులో, పొట్టలో నల్లటి మచ్చతో ఉంటే అప్పుడే పుట్టిందని అర్థం. అనుమానం వస్తే పారెయ్యి, జాలి పడకు. ఒక్కసారి కలిసిన ఆడ ఈగ ఆ వీర్యాన్ని రోజుల తరబడి దాచుకుంటుంది. నీ క్రాసులో సగం మంది పరాయి బిడ్డలవుతారు, అది నీకు మూడు వారాల తర్వాత గానీ తెలియదు. మత్తు కోసం కార్బన్ డయాక్సైడ్ వాడిన ఈగలను ప్రవర్తన పరీక్షకు పెట్టే ముందు ఒక రోజైనా విశ్రాంతినివ్వు.

కణాలను మూయించడానికి నాకు ఇప్పటికీ ఇష్టమైనది షిబిరే అనే జన్యువులో వేడికి లొంగే రకం. జపాను భాషలో మొద్దుబారడం అని అర్థం. మామూలు వేడిలో ఈగ బాగానే ఉంటుంది. 30 డిగ్రీలు దాటితే ఆ కణాల నుంచి సందేశాలు నిమిషాల్లో ఆగిపోతాయి, చల్లబరిస్తే మళ్లీ మొదలవుతాయి. పాఠం నేర్చుకునేటప్పుడు మూయించి, గుర్తు చేసుకునేటప్పుడు తెరవవచ్చు. జ్ఞాపకం మీద పనిచేసేవాళ్లకు ఇది వరం. అయితే వేడి మొత్తం ఈగకూ తగులుతుంది, గాల్4 కూడా వేడిలో ఎక్కువ చురుగ్గా ఉంటుంది. కాబట్టి కంట్రోల్ ఈగలూ అదే పొయ్యి ఎక్కాలి.

వెలుగుతో కణాలను రేపే పద్ధతి చూడటానికి ఇంద్రజాలంలా ఉంటుంది. దీపం వేయగానే ఈగ వెనక్కి నడుస్తుంది, రెక్క చాస్తుంది. ఒళ్లు మరిచిపోకు. నువ్వు వేసిన దీపం ఆ కణానికి సహజంగా అందే సందేశం లాంటిది కాదు, గంట మోగించడం లాంటిది. ఆ కణం ఆ పని చేయించగలదని తెలుస్తుంది, రోజువారీ బతుకులో చేయిస్తుందని తెలియదు. దానికి మూయించిన ప్రయోగం తోడు కావాలి. పైగా ఈగకు కళ్లున్నాయి, దీపం దానికీ కనిపిస్తుంది. కళ్లే లేని నులిపురుగు కూడా నీలి వెలుగు పడితే పారిపోతుంది. ఈ ప్రోటీన్లు పనిచేయడానికి రెటినాల్ అనే పదార్థం కావాలి. పురుగుకు తిండిలో కలిపి పెట్టాలి. రెటినాల్ పెట్టని పురుగులకు అదే దీపం వేసి చూడటమే నీకు దొరికే చవకైన, నిజాయితీ గల కంట్రోల్.

2024లో ఎదిగిన ఆడ ఈగ మెదడు పటం పూర్తిగా వచ్చింది. 1,39,255 నాడీకణాలు, 5 కోట్లకు పైగా కలయికలు. రోజూ తెరిచి చూడు, నేనూ చూస్తున్నాను, నా వయసులో ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. పటంలో రోడ్డుంది కదా అని బస్సు నడుస్తుందనుకోకు. కలయికలతో పని లేకుండా దూరంగా వ్యాపించే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్కల) సందేశాలు అందులో కనిపించవు. పురుగు పటం చేతికొచ్చి నలభై ఏళ్లవుతున్నా దాని నడక గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

చివర్లో చీమలూ స్క్విడ్‌లూ ఊరిస్తున్నాయని రాశావు. తప్పు లేదు. కానీ ఒక కథ విను. వాసన గ్రాహకాలకు తోడుగా ఉండే ఆర్కో అనే జన్యువును 2017లో రెండు బృందాలు రెండు జాతుల చీమల్లో క్రిస్పర్‌తో పాడుచేశాయి. ఈగలో ఆ జన్యువు పోతే చాలా వాసనలు తెలియవు గానీ మెదడులోని వాసన కేంద్రం ఆకారం దాదాపు నిలుస్తుంది. చీమల్లో ఆ కేంద్రమే కుంచించుకుపోయింది. కాబట్టి ఆ చీమలు గుంపులో కలవకపోవడం వాసన తెలియకనా, మెదడు సరిగ్గా కట్టుకోకనా? ఒకే కత్తి, రెండు జంతువుల్లో రెండు వేరు ప్రశ్నలు. అందులో ఒక జాతి చీమలు మగ తోడు లేకుండానే తమలాంటి పిల్లలను కంటాయి కాబట్టి వాటిలో ఆ పని సాధ్యమైంది. తేనెపట్టులో గుడ్లు పెట్టేది దాదాపుగా రాణి ఒక్కతే, అక్కడ ఒక రకాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించుకో. కొత్త జీవిని ఎంచుకునేటప్పుడు మెదడు కంటే ముందు దాని కాన్పుల లెక్క చూడు. తరానికి ఎన్నాళ్లు, గుడ్డులోకి సూది దిగుతుందా, పిల్లలు నీ గదిలో బతుకుతాయా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ముందు ఈగతోనే చేయి తిరగనివ్వు.

వచ్చే ఉత్తరంలో నాకు రెండు పంపు. ఒకటి, నెల రోజులు నువ్వు రాసుకున్న కాగితాలు, కొట్టివేతలతో సహా. రెండోది, నువ్వు ఎంచుకున్న గాల్4 రకం నాడీదండం ఫొటో. తలది అక్కర్లేదు, అది అందరూ పంపుతారు.

ఆశీస్సులతో
మీ అమ్మమ్మ వరస