ఒకే లైన్ మీద మూడు రకాల పంపులు

ప్రశ్న: బాలానగర్‌లో మాది చిన్న మోనోబ్లాక్ పంపుల (మోటారు, పంపు ఒకటిగా ఉండేవి) యూనిట్. ఒకే లైన్ మీద రోజుకు అర హెచ్‌పీవి 75, ఒక హెచ్‌పీవి 50, ఒకటిన్నర హెచ్‌పీవి 25, ఈ వరసలోనే చేస్తాం. షిఫ్టులో పని సమయం 450 నిమిషాలు. టెస్టింగ్‌కు పంపును బట్టి 2, 3, 5 నిమిషాలు పడుతుంది. రకం మారితే ఫిక్చర్ (పంపును బెంచ్ మీద పట్టి ఉంచే అమరిక) మార్చడానికి ఇంకో 12. బెంచ్ దగ్గరి కుర్రాడు పొద్దున ఖాళీగా ఉంటాడు, సాయంత్రం గంటకు పైగా ఓవర్‌టైమ్. ఇంకో టెస్ట్ బెంచ్ కొనమంటారా?

జవాబు: కొనకండి. 150 పంపులకు 450 నిమిషాలంటే మూడు నిమిషాలకో పంపు బెంచ్ దగ్గరికి వస్తుంది. అర హెచ్‌పీ రెండు నిమిషాల్లో అయిపోతుంది, మూడో నిమిషం కుర్రాడు ఎదురుచూడాల్సిందే. 75 పంపులకు 75 నిమిషాలు అలా పోతాయి. ఒకటిన్నర వచ్చేసరికి పంపుకు రెండేసి నిమిషాలు వెనకబడి, 25 పంపులకు 50 అవుతుంది. రెండు ఫిక్చర్ మార్పులు 24 కలపండి, 74. మీ ఓవర్‌టైమ్ అదే. ఇందులో అతని తప్పేమీ లేదు, దయచేసి అతన్ని ఏమీ అనకండి.

మొత్తం టెస్టింగ్ నిజానికి 425 నిమిషాలే. రకాలు కలిపి నడిపితే షిఫ్టులో పట్టాలి. కానీ మిగిలేది 25 నిమిషాలు, ఒక్కో మార్పుకు 12 పోతుంటే ఏం కలుపుతారు? అందుకే ముందు ఫిక్చర్ సంగతి చూడాలి. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కు డై (రేకును ఒత్తే అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో దాన్ని చివరికి మూడు నిమిషాలకు తెచ్చారు. మిషను నడుస్తుండగా చేయగలిగిన పనిని, మిషను ఆపి చేయకూడదన్నది ఆయన పట్టు. ఇలాంటి యూనిట్లలో నేను చూసినంతలో టైమంతా బోల్టులు విప్పడానికీ, సక్షన్, డెలివరీ అడాప్టర్లు (నీళ్లు వచ్చే, పోయే పైపులకు పంపును కలిపేవి) బిగించడానికీ పోతుంది. బెంచ్ మీద ఒక పంపు టెస్టవుతుండగానే తర్వాతి పంపుకు పక్కన అడాప్టర్లు బిగించేయండి. బోల్టుల బదులు, పిడి నొక్కితే బిగిసే టాగుల్ క్లాంపులు పెట్టించండి.

మార్పు నిమిషంన్నరకు దిగాక రోజును ఐదు రౌండ్లు చేయండి. రౌండుకు ఒకటిన్నరవి 5, అరవి 15, ఒకటివి 10. ఒకటిన్నరతోనే మొదలుపెట్టండి, అక్కడ వెనకబడిన పది నిమిషాలు అర హెచ్‌పీలు వచ్చేటప్పుడు పూడిపోతాయి. 15 మార్పులకు ఇరవై రెండున్నర నిమిషాలు, మీ 25లో సరిపోతుంది. పది సెకన్లలోపు మార్చగలిగిన రోజున అర, ఒకటి, అర, ఒకటిన్నర, అర, ఒకటి చొప్పున వదలొచ్చు.

స్టోర్స్ వాళ్లు ఇంపెల్లర్లు (పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రాలు), సీళ్లు కూడా అదే వరసలో ట్రేలకెత్తాలి. లేకపోతే ఒకటిన్నర హెచ్‌పీ బాడీలోకి ఒక హెచ్‌పీ పంపు ఇంపెల్లర్ వెళ్తుంది. అది బెంచ్ మీద బయటపడేసరికి పంపు మొత్తం విప్పాల్సిందే.