ఎర్ర పెన్ను పక్కన పెట్టు పాపా

చిరంజీవి పాపకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఈ ఏడాది ఏడో తరగతి పిల్లలతో గైడు ముట్టుకోనివ్వకుండా పద్యాల మీద సొంతంగా వ్యాసాలు రాయిస్తానంటున్నావట. ఎంత సంతోషమేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాగితం ముందేసుకుని కూర్చున్నా.

పద్యం రెండుసార్లు పైకి చదివించు. తెలియని మాటలకు అర్థాలు బోర్డు మీద రాయి. పెద్ద పాఠంతో మొదలుపెట్టకు, నాలుగు పాదాల ఆటవెలది ఒకటి వారానికి చాలు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, తిరుపతిలో, 'ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు' పద్యం చెప్పి భావం రాసుకు రమ్మన్నాను. అందరూ గైడులో ఉన్నదే దించారు. ఒక్క పిల్లోడు మాత్రం వేరేగా రాశాడు. వాళ్లమ్మ అలిపిరి దగ్గర టెంకాయలు, కర్పూరం అమ్మేది. "ఉప్పు, కర్పూరం రెండూ కరిగిపోతాయి. కర్పూరం పోయినా వాసన ఉంటుంది. మా అమ్మ చేతులు రాత్రి కూడా కర్పూరం వాసన వస్తాయి. మంచివాళ్లు కూడా అంతే" అని నాలుగు వాక్యాలు. రెండు ఒత్తులు తప్పు. నేనేం చేశానో తెలుసా? పద్యంలో రుచి అని ఉంది, వాసన ఎక్కడుందిరా అని, ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర పెన్నుతో కొట్టేశాను. గైడు చూసి మూడుసార్లు రాసుకు రమ్మన్నాను. మర్నాడు ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా తెచ్చాడు. పదికి తొమ్మిది వేశాను. ఆ తర్వాత పదో తరగతి దాటేదాకా వాడు సొంత వాక్యం ఒక్కటీ రాయలేదు. ఇప్పటికీ అలిపిరి వైపు వెళ్తే ఆ టెంకాయల బండ్ల వైపు చూడలేను.

ఆ రోజు నేను ఒక్క ప్రశ్న వేసి ఉండాల్సింది: "ఏ మాట దగ్గర నీకు ఇది తట్టింది నాయనా?" వాడు కప్పురం అన్న మాట మీద వేలు పెట్టేవాడు. అక్కడి నుంచి మళ్లీ రుచి దగ్గరికి తీసుకొచ్చేదాన్ని. మన ఊరి పిల్లలకు కర్పూరం రుచి కొత్తా? లడ్డూలో, తీర్థంలో పచ్చకర్పూరం నాలుకకు తగిలిందే కదా!

నువ్వు అలా అడుగు. 'చూడ చూడ రుచుల జాడ వేరు' అన్నాడు కదా, 'చూడ' ఒక్కసారే ఉంటే ఏం పోతుందో అడుగు. ఒకరు మొదటి చూపుకు రెండూ ఒకటేలే అంటారు. ఇంకొకరు, మనం రుచి కూడా 'చూస్తాం' కదా టీచర్ అంటారు. అప్పుడు మూడో పాదంలోని పురుషుల దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు, మనిషిని కూడా ఒక్క చూపుకు తేల్చలేమని. అది రాయించు. వేమన పద్యాలను బ్రౌన్ దొర 1829లోనే అచ్చు వేయించాడు. అప్పటి నుంచి భావాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. నీకు కావాల్సింది రాసే పిల్లలకు ఏం కనబడిందో, అది ఏ మాటలో కనబడిందో. మాట చూపించలేకపోతే ఒప్పుకోకు, మళ్లీ పద్యం చదవమను.

ఇంకొకటి, కోప్పడకు. నీకు ఆగడం రాదు. చిన్నప్పుడు నేను కథ చెప్తుంటే చివర నువ్వే చెప్పేసేదానివి. క్లాసులో ప్రశ్న వేశాక పిల్లలు నోరు మెదపకపోతే నీకు టెన్షన్ వస్తుంది, జవాబు నువ్వే చెప్పేస్తావు. చెప్పకు తల్లీ. బోర్డు తుడుచుకో, కిటికీ దగ్గరికి నడువు, నీళ్లు తాగు. వెనక బెంచీలో ఎవరో ఒకరు గొణుగుతారు. అదే నీ వ్యాసానికి మొదటి వాక్యం.

ఒత్తులు, దీర్ఘాలు తర్వాత దిద్దుకోవచ్చు, పెన్సిల్‌తో, పక్కన.

సరిగ్గా తింటున్నావా? గొంతు జాగ్రత్త, రోజూ వేణ్ణీళ్లు తాగు. దసరా సెలవులకు చిత్తూరు వచ్చేటప్పుడు వాళ్ల నోటుపుస్తకాలు అయిదారు తీసుకురా. దిద్దనులే, చదువుతానంతే.

నీ పెద్దమ్మ