'అవును / కాదు' అన్ని ప్రశ్నలకూ అతకదు

సందేహం: సోషల్ వర్క్ పీజీ చేస్తున్నాను. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల గురించి నా పరిశోధన. ఇంటర్వ్యూ షెడ్యూల్‌లో (నేను అడిగి, జవాబులు నింపుకునే ప్రశ్నల పత్రంలో) ప్రతి ప్రశ్న కిందా 'అవును / కాదు' అని పెట్టాను. మా గైడ్ గారు అన్నిచోట్లా 'అవును / లేదు' అని మార్చమన్నారు. ఏది సరైనది? పరిశోధన ప్రణాళికలో 'సమాచారం సేకరించబడుతుంది' అని రాయవచ్చా?

సమాధానం: అన్నిచోట్లా ఒకటే ఉండాలనుకోవడంలోనే ఉంది చిక్కంతా. 'ఈ ఇల్లు మీ సొంతమా?' అంటే 'అవును', 'కాదు' అంటాం. 'బ్యాంకు ఖాతా ఉందా?' అంటే 'ఉంది', 'లేదు'. 'నిన్న మందులు వేసుకున్నారా?' అంటే 'వేసుకున్నాను', 'వేసుకోలేదు'. 'రోజూ నడకకు వెళ్తారా?' అంటే 'వెళ్తాను', 'వెళ్ళను'. తెలుగులో జవాబు సాధారణంగా ప్రశ్నలోని క్రియను పట్టుకునే వస్తుంది. కాబట్టి గడిలో ఉండాల్సిన మాటను ఆ ప్రశ్నే నిర్ణయిస్తుంది. లెక్క కట్టడానికి ఇబ్బంది అవుతుందని భయపడకండి. షెడ్యూల్‌లో మాట ఏదైనా, కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ఔననేదానికి 1, కాదనేదానికి 0 వేసుకుంటే సరిపోతుంది.

'మీకు తోడుగా ఎవరైనా కావాలా?' అన్నది మాత్రం కాస్త ఆగి చూడాల్సిన ప్రశ్న. 'వద్దు' అనేవారూ ఉంటారు, 'అక్కర్లేదు' అనేవారూ ఉంటారు. మొదటిది నిరాకరణ, రెండోది అవసరం లేకపోవడం. మీ రంగంలో ఈ రెండింటినీ ఒకే 0 కింద పడేయడం నాకు నచ్చదు. రెండు గడులు ఇవ్వండి.

వ్యతిరేక ప్రశ్నలను అసలు పెట్టకండి. 'ఈ నెల మీ పిల్లలు రాలేదా?' అని అడిగారనుకోండి. 'అవును' అంటే రాలేదనే అర్థం. 'లేదు' అన్నా చాలాసార్లు రాలేదనే అర్థం. ఒక్కోసారి 'లేదు లేదు, వచ్చారు' అని కూడా వస్తుంది. ఇంటికొచ్చి ఫారాలు ముందేసుకున్నాక ఏ టిక్కు దేనికో ఎవరు చెప్పగలరు? 'వచ్చారా?' అని అడిగితే ఈ గొడవే ఉండదు. అన్నట్టు, మాటల మధ్య 'ఊఁ' అన్నంత మాత్రాన 'అవును' దగ్గర టిక్కు పెట్టకండి. అది వింటున్నామని చెప్పడం మాత్రమే కావచ్చు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. 'మీ పిల్లలు డబ్బు పంపుతున్నారా?' అన్న ప్రశ్నకు పిల్లలు లేని పెద్దాయన 'లేరు' అంటాడు. అడిగేవారు తొందరలో 'లేదు' దగ్గర టిక్కు పెడతారు. చివరికి పిల్లలు పట్టించుకోని వారి శాతంలో అసలు పిల్లలే లేనివారూ చేరిపోతారు. అందుకే ముందు 'పిల్లలున్నారా?' అని అడగాలి. లేరంటే తర్వాతి ప్రశ్న దాటేసి, 'వర్తించదు' గడిలో టిక్కు పెట్టాలి. 'తెలియదు', 'చెప్పడం ఇష్టం లేదు' అనేవాటికీ వేరే గడులు, వేరే అంకెలు ఉండాలి. 'వర్తించదు'కు 9 వేసుకుంటే, అది విలువ కాదని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పండి. లేకపోతే సగటులో ఆ తొమ్మిదులు కూడా కలుస్తాయి. ఈ అంకెల పట్టికను సేకరణకు వెళ్ళకముందే రాసుకుని, కొద్దిమంది దగ్గర షెడ్యూల్‌ను పరీక్షించి చూడండి. పెద్దవాళ్ళు నిజంగా ఏ మాటతో జవాబిస్తున్నారో అక్కడే తెలుస్తుంది.

ఇక 'సేకరించబడుతుంది'. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, ఎవరు సేకరిస్తారో ఆ వాక్యం చెప్పదు. ప్రణాళిక చదివేవారికి కావలసింది అదే. 'నేనే ఇంటింటికీ వెళ్ళి, ముఖాముఖి అడిగి, షెడ్యూల్ నింపుతాను' అని రాయండి. వాళ్ళే చదువుకుని నింపేదైతే దాన్ని ప్రశ్నావళి అనాలి. థీసిస్‌లోకి వచ్చేసరికి ఇవన్నీ 'అడిగాను', 'నింపాను' అని మారాలి. ప్రణాళికలోని పేరాలను అలాగే అతికించి 'సేకరిస్తాను' అని వదిలేసిన థీసిస్‌లు తక్కువేమీ కావు.