డిశ్చార్జి తరువాతి 42 రోజులకు పద్దు

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాం. వచ్చే నెలాఖరుకు నా శ్రీమతికి తొలి కాన్పు. నా జీతం 64,000, ఆమెది 46,000, ఇంటి రుణం ఈఎంఐ 34,000. చేతిలో 2,40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఆసుపత్రిలో మామూలు కాన్పుకు 1,10,000, సిజేరియన్‌కు 1,60,000 అవుతుందన్నారు. ఆమె కంపెనీ పాలసీ 75,000 వరకు ఇస్తుంది. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయినందువల్ల సూర్యాపేట పంపే వీలు లేదు. 40 రోజుల బాలింత సేవల ప్యాకేజీకి 1,20,000 అడుగుతున్నారు. దాన్ని క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో తీసుకోవచ్చా? బొడ్డుతాడు రక్తం భద్రపరచడానికి 65,000, ఇరవై ఒకటో రోజు వేడుకకు 90,000 అనుకున్నాం. ఖర్చుల పట్టిక పంపుతున్నాను.

జవాబు: మీ పట్టికలో ఉయ్యాల, స్ట్రోలర్, టీకాలు, హాలు అద్దె, చివరికి రిటర్న్ గిఫ్టులకు కూడా విడివిడిగా వరుసలు ఉన్నాయి. డిశ్చార్జి తరువాత మీ శ్రీమతి కోసం రాసినది మాత్రం ఆ ప్యాకేజీ ఒక్కటే, అదీ అప్పు మీద. వేడుకకు నగదు, బాలింతకు అప్పు అన్న ఈ వరుసను ముందు తిరగేయాలని నా సలహా.

తొలి కాన్పు పుట్టింట్లో జరిగే ఇళ్లలో ఈ ఖర్చు ఎవరి పద్దులోనూ కనిపించదు. తలంటు, పథ్యం వంట, రాత్రి రెండింటికి బిడ్డను ఎత్తుకుని తిరగడం, ఇవన్నీ అమ్మ, పిన్ని, పక్కింటి పెద్దమ్మ చేతుల మీదుగా జరిగిపోతాయి. మీకు ఆ చేతులు అందుబాటులో లేవు కనుక డబ్బు పెట్టి తెచ్చుకోవడంలో తప్పు లేదు. అయితే ప్యాకేజీగా కాకుండా విడివిడిగా, వాయిదాల మీద కాకుండా నగదుతో తెచ్చుకోవాలి. కార్డు వాయిదాల్లో వడ్డీతో పాటు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, సాధారణంగా ప్రాసెసింగ్ రుసుము కూడా పడతాయి. వాటితో పోలిస్తే డిపాజిట్‌ను గడువుకు ముందే తీసినందుకు పోయే వడ్డీ చాలా చిన్నది.

లెక్కను సిజేరియన్ అవుతుందనే అనుకుని వేద్దాం. పాలసీ పోగా మీరు కట్టవలసినది 85,000, అంటే డిపాజిట్‌లో 1,55,000 మిగులుతుంది. పగలు పన్నెండు గంటలు ఉండే ఆయాకు రోజుకు 900 చొప్పున 42 రోజులకు 37,800 అవుతుంది. బాలింతకు నూనె రాసి, బిడ్డకు నీళ్లు పోసే ఆమెకు రోజుకు 600 చొప్పున 21 రోజులకు 12,600. ఈ రేట్లు నేను వేసుకున్న అంచనాలే, మీ అపార్ట్‌మెంటులో ఈమధ్యే పురుడు పోసుకున్న వారిని అడిగితే అసలు ధర తెలుస్తుంది. సిజేరియన్ అయితే కుట్లు మానేవరకు పొట్ట మీద మర్దన డాక్టరు అనుమతి లేకుండా చేయించవద్దు. సాంబ్రాణి పొగ మాత్రం ఉచితంగా వేస్తామన్నా వద్దనండి, పసివాళ్ల ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదు.

మరో 10,000 తల్లి వైద్యానికని విడిగా ఉంచండి. ఆసుపత్రిలో ఉన్న తొలి 24 గంటలు కాక, రెండు మూడు రోజుల మధ్య ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి తల్లీబిడ్డలను పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. చాలా ఇళ్లలో బిడ్డను టీకాకు తీసుకెళతారు గానీ తల్లికి రక్తపోటు, హిమోగ్లోబిన్ చూపించరు. పాలు పట్టడంలో ఇబ్బంది ఉంటే నిపుణురాలికి ఒకసారి ఫీజు కట్టడం నెలల తరబడి పాలడబ్బాలు కొనడం కన్నా చవక. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూసే ప్రభుత్వ ఏర్పాటు కూడా ఉంది. అయితే గేటెడ్ అపార్ట్‌మెంటు దాకా ఆమె రావాలంటే మీరే ముందుగా దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. అధిక రక్తస్రావం, జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఆయాసం వంటివి కనిపిస్తే పద్దు చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. దిగులు రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు (14416) ఫోను చేయడం కూడా ఉచితమే.

బొడ్డుతాడు రక్తానికి అనుకున్న 65,000 కొట్టేయండి. ఆ బిడ్డ కోసమే దాన్ని ప్రైవేటుగా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు చేయడం లేదు. టీకాల వరుసలో రాసిన మొత్తమూ తగ్గుతుంది, ఎందుకంటే బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, రోటా, న్యూమోకోకల్, ఎంఆర్ టీకాలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఇరవై ఒకటో రోజున ఇంట్లోనే తొట్టెలలో వేసి దగ్గరి వారికి భోజనం పెడితే 25,000 చాలు. కుట్లు ఇంకా సలుపుతున్న మనిషిని పట్టుచీరతో హాలులో మూడు గంటలు కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, పెద్ద విందు అన్నప్రాశనకు పెట్టుకోవచ్చు.

ఆయా, నూనె రాసే ఆమె, తల్లి వైద్యం, వేడుక, ఈ నాలుగూ కలిపితే 85,400. మిగిలే 69,600 బిడ్డ కోసం ముట్టుకోకుండా ఉంచాలి. పుట్టిన వారంలో పచ్చకామెర్లు ఎక్కువై ఫొటోథెరపీ (దీపపు వెలుతురు కింద ఉంచే చికిత్స) పెట్టినా, ఇతర కారణాలతో ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉంచవలసి వచ్చినా, బిల్లు రోజుల లెక్కన పెరుగుతుంది. అందుకని మీ శ్రీమతి ఈ వారమే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి బిడ్డకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉందా, అది ప్రసవానికిచ్చే 75,000లోనే సర్దుతారా లేక కుటుంబ మొత్తం పరిమితి వర్తిస్తుందా, ఎన్ని రోజుల్లో పేరు చేర్చాలి అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. జనన నమోదు 21 రోజుల లోపు ఉచితమే కనుక అదీ ఆలస్యం చేయవద్దు.

ఆమె జీతం గురించి మీరు అడగలేదు గానీ, అసలు ధైర్యం అక్కడే ఉంది. గడిచిన 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, తొలి కాన్పుకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు 2017 సవరణ నుంచి చట్టబద్ధమైన హక్కు. ఇందులో కాన్పుకు ముందు వాడుకోగలిగినది 8 వారాలకు మించదు. వేతనాన్ని సెలవుకు ముందరి 3 నెలల సగటు మీద లెక్కిస్తారు కనుక ఆ మూడు నెలల జీతం చీటీలు తీసి పెట్టుకోమనండి.