తుపాకీ పట్టినవాడు కాగితానికి భయపడతాడా?

ప్రశ్న: అయ్యా, హైతీ దేశంలో ముఠాల మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టిందని మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. "కాగితం మీద రాస్తే తుపాకీ పట్టినోడు భయపడతాడా టీచర్?" అని ఒక పాప అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక సోషల్ టీచరు, చంద్రగిరి

జవాబు: భయపడడమ్మా. పాప అడిగింది సబబే. ఐక్యరాజ్యసమితి (ఐరాస) భద్రతా మండలి 2022 అక్టోబరు 21న ఈ ఆంక్షలు పెడుతూ 2653వ తీర్మానం చేసింది. అప్పుడు మండలిలో మనమూ ఉన్నాం, ఓటూ వేశాం. ఆంక్షల జాబితాలో మొదటి పేరు జిమ్మీ షెరిజియే. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు ముఠా నాయకుడు, 'బార్బెక్యూ' అంటే అక్కడ అందరికీ తెలుసు. అతని ఆస్తులు స్తంభింపజేయాలి, ప్రయాణాలు ఆపాలి, ఆయుధాలు అందనివ్వకూడదు అన్నారు. ఊరు దాటని మనిషికి వీసా లేకపోతే ఏం లోటు? 2024 మార్చిలో ముఠాలు జైళ్ళు బద్దలు కొట్టి వేలమంది ఖైదీలను వదిలేశాయి. ఆ ఒక్క ఏడాదే 5,600 మందికి పైగా చనిపోయారని ఐరాస లెక్క. చదివినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

అయితే హైతీలో తుపాకులు తయారు కావు. ఎక్కువగా అమెరికా నుంచి, అందులోనూ ఫ్లోరిడా రేవుల నుంచి వస్తాయి. అక్కడ నాలుగైదు వందల డాలర్లకు దొరికే పిస్తోలు హైతీలో పది వేల దాకా పలుకుతుందని 2023లో ఐరాస నివేదికే చెప్పింది.

నేను మద్రాసు హార్బరులో కస్టమ్స్ పని చేసి, రిటైరయ్యాక తిరుపతి చేరినవాణ్ణి. ఒక రాత్రి కంటైనరు సీలు కోయించాను. కాగితాల్లో టైల్స్. ముందు రెండు వరుసలు టైల్స్ పెట్టెలే. మూడో వరుస జరిపితే నేలమీద ఎర్రటి పొడి, వెనక మన శేషాచలం దుంగలు! అంతరించిపోయే మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది. అయినా మనకు దొరికేది జవ్వాది కొండల నుంచి కూలికొచ్చినవాడు, లారీ డ్రైవరు. కొన్నవాడి మొహం నేను ఒక్కసారీ చూడలేదు.

హైతీలోనూ అంతే. 2022 జులైలో పోర్టో ప్రిన్స్ రేవులో, చర్చి పేరుమీద విరాళం సామాన్లని వచ్చిన సరుకులో తుపాకులూ, వేల తూటాలూ బయటపడ్డాయి. ఏ దేశమైనా దిగే సరుకును వెతికినంత శ్రద్ధగా ఎక్కే సరుకును వెతకదు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. 2024 అక్టోబరులో ఆయుధ నిషేధాన్ని ఇంకా విస్తరించారు, మంచిదే. కానీ అది పనిచేయాల్సింది సరుకు ఎక్కే రేవులో.

ఇక కాగితానికి నిజంగా భయపడేది ముఠాకు డబ్బిచ్చే పెద్దమనుషులు. వాళ్ళకు విదేశాల్లో ఖాతాలు, ఇళ్ళు, చదువుకునే పిల్లలు ఉంటారు. 2022 నవంబరులో కెనడా ఏకంగా హైతీ మాజీ అధ్యక్షుడు మిషెల్ మార్టెల్లీ మీదే ఆంక్షలు పెట్టింది. అలాంటి పేర్లు ఐరాస జాబితాలో ఎందుకంత ఆలస్యంగా, ఎందుకంత తక్కువగా వస్తాయన్నదే నా బాధ. పాపకు ఇది కూడా చెప్పండమ్మా.